ఏడో చెవి

సాయంత్రం షిఫ్టులో పెద్దక్కకి ఇష్టమైన పని ఒకటుండేది. కుర్చీ ముందుకి లాక్కుని, చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి చల్లటి గచ్చు మీద పెట్టుకుని, చెవుల్ని ఒక్కొక్కదాన్నే పలకరించడం.

చెవులంటే మనుషుల చెవులు కావు. ఆ ఊరు ఒక పాత గని మీద ఉంది. గని మూసేసి చాలా కాలమైంది. కింద సొరంగాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఖాళీ కడుపులాగా అప్పుడప్పుడూ గుడగుడలాడుతుంటాయి. పైన ఇళ్ళున్నాయి, బడి ఉంది, బస్టాండుంది. కింద రాయి ఎక్కడ పగులుతోందో పైవాళ్ళకి ముందే తెలియాలి కదా. అందుకని సొరంగాల్లో అక్కడక్కడా శబ్దాలు రికార్డు చేసే పెట్టెలు బిగించారు. ఒక ఇనప పెట్టె, అందులోంచి రాతిలోకి దిగిన ఊచ, పక్కనే ఒక సైరను. కాగితాల మీద వాటికేదో నోరు తిరగని పేరుంది. ఆఫీసులో అందరూ చెవులనే అంటారు. వాటిని నడిపించే గదిని తల అంటారు. ఫోన్లో ఎవరైనా "ఇవాళ తలలో ఎవరున్నారు?" అని అడిగితే కొత్తవాళ్ళు బిత్తరపోతారు.

చెవులతో మాట్లాడ్డానికి ఒక పద్ధతుంది. ఇష్టమొచ్చినట్టు చెప్తే వినవు. ముందు నంబరుతో పిలవాలి. తర్వాత పని చెప్పాలి: రికార్డు మొదలుపెట్టు, ఆపు, దాచింది పంపు, వినికిడి తగ్గించు. ఆ తర్వాత, కావలసిన చోట, ఎంత అన్నది చెప్పాలి. అన్నిటికన్నా చివర ముగింపు మీట నొక్కాలి. ఆ మీటకి ఆఫీసులో పేరు 'అంతే'. కొత్తగా చేరినవాళ్ళకి ఇదంతా నేర్పేది పెద్దక్కే. "మొగుడికి పని చెప్పినట్టే అనుకో. పిలవకపోతే పలకడు. ఎంతో చెప్పకపోతే సగం చేసి వదిలేస్తాడు. అంతే అనకపోతే ఇంకా ఏదో ఉందేమోనని అక్కడే నిలబడి నీ మొహం చూస్తుంటాడు" అనేది. ఆ మాటకి ఆమె చెల్లెలు పడీ పడీ నవ్వేది. "పెళ్ళే చేసుకోనిదానివి, నీకెవరే చెప్పారు ఇవన్నీ?"

ఇందులో గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మీటలు నొక్కుతుంటే ఒక్కో అక్షరం అప్పటికప్పుడే తీగ వెంట కిందికి దిగిపోతుంది. తన నంబరు వినపడగానే ఆ చెవి నేల వైపు వినడం మానేసి మన వైపు తిరుగుతుంది. రెండు మాటలు ఒకేసారి వినడం దానికి చేతకాదు. 'అంతే' అన్నాక 'అందింది' అని జవాబిచ్చి మళ్ళీ నేల వైపు తిరుగుతుంది. అనకపోతే తిరగదు. అలా కూర్చున్నంతసేపూ ఉండుండి స్పీకర్లో చిన్న చప్పుడు చేస్తుంది. ట్క్. వింటున్నాను, చెప్పండి అన్నట్టు. కథ చెప్తుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఊ కొట్టినట్టు.

ఊ కొట్టడం అనే మాట పెట్టింది పెద్దక్క మరిది, అంటే ఆ చెల్లెలి భర్త. చెవుల తీగలూ బ్యాటరీలూ చూసే మనిషి. సొరంగాల్లో తిరిగి తిరిగి పైన కూడా కాస్త వంగే నడిచేవాడు. తలలోకి వచ్చినప్పుడల్లా స్పీకరు వైపు చెయ్యి చూపించి, "వదినా, నీ మూడో చెవి ఊ కొడుతోంది. కథ మధ్యలో ఆపేశావు" అని ఏడిపించేవాడు.

అతను లేకుండా పోయాక వానాకాలం వచ్చింది.

ఆ సాయంత్రం కూడా వాన పడుతోంది. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే అవతలి వీధి దీపం సాగిపోయి, మళ్ళీ దగ్గరపడుతోంది. గదిలో తడిసిన అట్టల వాసన, వేడెక్కిన తీగల వాసన. పెద్దక్క చెప్పులు విడిచి పలకరింపులు మొదలుపెట్టింది.

ఒకటి. ఉన్నావా. అంతే.

ఉన్నాను.

రెండు. ఉన్నావా. అంతే.

ఉన్నాను.

ఒక్కో జవాబుకీ గోడ మీద పలకలో ఒక్కో పచ్చ దీపం వెలుగుతుంది. ఆరు అయ్యాక ఎనిమిది. ఏడో దీపం మీద ఎవరో నల్ల టేపు అంటించారు. అటు చూడకుండా ఎనిమిది నొక్కడం ఆమె వేళ్ళకి అలవాటైపోయింది. కళ్ళకే ఇంకా కాలేదు.

పోయిన రోజు మరిది ఏడో చెవికి బ్యాటరీ మార్చడానికి దిగాడు. మనిషి లోపలికి వెళ్ళేముందు ఆ చెవి వినికిడి తగ్గించాలి. లేకపోతే అడుగుల చప్పుడుకే సైరను మోగి చెవులు చిల్లులు పడతాయి. తగ్గించినా రాయి పగిలితే మాత్రం మోగుతుంది. రోజూ చేసే పనే. పెద్దక్క నొక్కింది. ఏడు. వినికిడి తగ్గించు. మూడు...

ఫోను మోగింది.

చెల్లెలు. అప్పటికే నవ్వుతోంది, మాట పెగలడం లేదు. "అక్కా... మీ మరిది కళ్ళజోడు పొద్దుట్నుంచీ వెతుకుతున్నాడా... ఇప్పుడే దొరికింది. ఫ్రిజ్‌లో. పెరుగు గిన్నె మీద మూతలాగా పెట్టి వెళ్ళాడు."

పెద్దక్క కూడా నవ్వింది. నవ్వులో వినపడటం లేదని స్పీకరు తగ్గించింది. ఆ ఏడాది ఆమె కూడా చాలా మర్చిపోతోంది. పొయ్యి మీద పాలు, వదిలేసిన కుళాయి, ఎదురింటావిడ పేరు. అరచేతిలో రాసుకుని, చెయ్యి కడుక్కుని, ఏం రాసుకుందో మర్చిపోయేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ కుర్చీలోంచి లేపేస్తారు. అందుకే మరిది మతిమరుపు మీద కాస్త ఎక్కువే నవ్వింది. తనొక్కతే కాదన్న ధీమా.

ఫోను పెట్టేసేసరికి గచ్చు కింద ఏదో బరువుగా కూర్చున్నట్టు అదిరింది.

తెర మీద ఆమె మాట సగంలోనే ఉంది. ఏడు, వినికిడి తగ్గించు, మూడు, దాని పక్కన కొట్టుకుంటున్న గీత. 'అంతే' లేదు. కింద మనిషి నెత్తిన రాయి పగులుతుంటే ఏడో చెవి ఆ పగులు వినలేదు. మరిది పక్కనే ఉండి, నేల వైపు వీపు పెట్టి, ఈవిడ మాట కోసం చూస్తూ కూర్చుంది. సైరను మోగలేదు.

అక్కడిదాకా మరుపు. ఆ తర్వాత చేసింది మరుపు కాదు. కారిడార్లో పరుగుల చప్పుడు దగ్గరికొస్తుంటే, పెద్దక్క ఆ సగం మాటని తెర మీంచి చెరిపేసింది.

తెర మీద చెరిపితే కిందికి పోయింది చెరగదని ఆమెకి తెలుసు. యంత్రం ముగింపు లేని మాటని మాటగా లెక్కపెట్టదనీ, ఎక్కడా దాచుకోదనీ కూడా తెలుసు.

విచారణకొచ్చిన పెద్దసారు మర్యాదగానే అడిగాడు. "మీరు పంపిన ఆజ్ఞ సరిగ్గానే వెళ్ళిందా అమ్మా?"

"వెళ్ళింది సార్."

ఒక్క మాట. దాని మీద మిగతాదంతా కట్టేశారు. సైరనుకి పెట్టె పక్కనే చేత్తో ఆపే స్విచ్చుంది. గోల భరించలేక ఆ మనిషే ఆపుకుని ఉంటాడన్నారు. అలా ఆపడం తప్పని బోర్డు కూడా ఉందన్నారు. పైకప్పు ఇంకా నిలవలేదని, అతన్ని బయటికి తియ్యకుండానే సొరంగం నోటికి గోడ కట్టేశారు. 'స్వయంకృతం' అన్న మాట ఊరంతా తిరిగి చెల్లెలి ఇంటికి కూడా వచ్చింది.

రేపు చెప్దామనుకుంది పెద్దక్క. ఆ రేపు, మళ్ళీ రేపు. చెప్తే చెల్లి తన ఫోనువల్లే అనుకుని కుమిలిపోతుందని తనకి తానే సర్దిచెప్పుకుంది. అది పూర్తిగా అబద్ధం కాకపోవడం వల్ల ఇంకా బాగా పనికొచ్చింది. మరుపు ఆమెలోంచి అన్నీ మెల్లగా తీసుకుపోతోంది. దీన్ని మాత్రం ముట్టుకోవడం లేదు.

ఎనిమిది పలికింది. తొమ్మిది పలికింది. పెద్దక్క వెనక్కి వాలింది.

ట్క్.

వాన కారుతోందేమో అనుకుని పైకి చూసింది. గది కప్పు పొడిగానే ఉంది.

ట్క్.

స్పీకర్లోంచి. ఏదో ఒక చెవికి 'అంతే' చెప్పడం మర్చిపోయినట్టుంది. తన మీద తనకే విసుగొచ్చింది. మళ్ళీ మొదటినుంచి అన్నిటినీ పలకరించింది. ఈసారి ప్రతి మీటనీ పైకి అంటూ నొక్కింది. అన్నీ 'ఉన్నాను' అన్నాయి. అన్నీ నేల వైపు తిరిగాయి.

ట్క్.

చప్పుడుకీ చప్పుడుకీ మధ్య వట్టి నిశ్శబ్దం లేదు. స్పీకరు దగ్గర చెవి పెట్టి వింది. ఖాళీ బిందెలో తల పెడితే వినపడుతుందే, అలాంటి హోరు. మూసేసిన చోటు చేసే హోరు. ఎక్కడో నీటి చుక్క. దాని వెనక ఇంకేదో... చాలా నెమ్మదిగా, పైకీ కిందకీ.

అప్పుడామెకి వాసన తగిలింది. తడి రాయి, పాత బ్యాటరీ పులుపు. మరిది చొక్కా నిండా ఎప్పుడూ ఉండే వాసన.

గోడ వైపు తిరిగింది. నల్ల టేపు అంచుల్లోంచి సన్నగా, పచ్చగా వెలుగు కారుతోంది.

పలక వెనకాల తీగలుంటాయి. ఆమె లేచి, గోడ పట్టుకుని, తల వంచి చూసింది. ఏడో తీగని గోడ కట్టినప్పుడే ఊడబీకేశారు. దాని కొస చిన్న గుడ్డపీలిక చుట్టుకుని, దేనికీ అంటకుండా, గాలికి ఊగుతోంది. గదిలో గాలి లేదు.

ట్క్.

పెద్దక్క కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ చెయ్యనిది ఇప్పుడు చేసింది. ఒక్క 'అంతే' మీట నొక్కింది. నొక్కి, వేలు తియ్యకుండా అలాగే పెట్టుకుని కూర్చుంది. ఎంతో కాలంగా తెరిచి ఉన్న తలుపుని మూసి పట్టుకున్నట్టు.

తెర మీద జవాబొచ్చింది.

ఏడు. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు.

మాట తప్పుగా కూర్చి పంపితే చెవులు ఇచ్చే మామూలు జవాబే అది. కొత్తవాళ్ళకి రోజుకి పదిసార్లు వస్తుంది. ఆమె ఊపిరి కూడగట్టుకుని మొదటినుంచి నొక్కింది. ఏడు. వినికిడి తగ్గించు. మూడు. అంతే.

ఏడు. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు.

ఏడు. ఆపు. అంతే.

ఏడు. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు.

వాక్యంలో తప్పేం లేదు. పిలుపుంది, పనుంది, ముగింపుంది. ఇంతకాలం తను నేర్పిన పద్ధతే. మరి అర్థం కానిదేమిటి?

ఆమె చేతులు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గదిలో మైకు లేదు. ఆమె మాట కిందికి పోయే దారే లేదు. అయినా గొంతు తగ్గించి, స్పీకరుకేసి చూస్తూ అంది.

"నేనే."

ట్క్.

"ఆ రోజు నీకోసం మాట పంపుతున్నాను. మధ్యలో ఫోనొచ్చింది."

ట్క్.

"నవ్వుకున్నాం... నీ గురించే."

ట్క్.

"అంతే అనడం మర్చిపోయాను."

ట్క్.

ప్రతి మాటకీ ఆగి, సరిగ్గా మాట అయిపోయాక, తొందరేం లేనట్టు ఊ కొడుతోంది. ఆమెకి ఏడుపు రాలేదు. మిగిలిన మాట నాలిక మీద రాయిలాగా ఉంది.

"తర్వాత... దాన్ని చెరిపేశాను. నువ్వే సైరను ఆపుకున్నావని అందరూ అంటుంటే... ఊరుకున్నాను."

ఊ కొట్టలేదు.

కిందనున్న హోరు కూడా ఆగిపోయింది. నీటి చుక్క ఆగిపోయింది. బయట వాన పడుతూనే ఉంది గానీ దాని చప్పుడు మాత్రం ఈ గది దాకా రావడం లేదు. చాలాసేపు... చాలాసేపు అలా...

తెర మీద అక్షరాలు పడ్డాయి. చెవుల జవాబులు ఒక్క ఊపున వచ్చిపడతాయి. ఇవి అలా రాలేదు. ఒక్కటొక్కటే వచ్చాయి. ఒంటి వేలితో వెతుక్కుని నొక్కుతున్నట్టు.

తల.

చెప్పు.

మొత్తం.

అంతే.

పిలుపు, పని, ఎంత, ముగింపు. ఎక్కడా లోటు లేదు. తలకి చెవి ఆజ్ఞ పంపడం ఆమె ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. ఆమె ఫోను తీసింది.

చెల్లెలు బస్టాండు వెనక బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. దగ్గరే. తడిసిన చెంగు పిండుకుంటూ లోపలికొచ్చింది, వస్తూనే మొదలుపెట్టింది. "ఏంటే, మళ్ళీ ఇంటి తాళం మింగేశావా? నా దగ్గర రెండోది ఉంది గానీ, దాన్ని కూడా పోగొడితే నిన్ను గుమ్మంలోనే పడుకోబెడతాను." అక్క మొహం చూసి ఆగింది. "ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. కూర్చో."

"ఈ గదిలోకి నన్ను రానివ్వకూడదు కదా."

"కూర్చోవే."

చెల్లెలు బల్లకి అవతల స్టూలు మీద కూర్చుంది. ఆ మనిషి పోయిన దగ్గర్నుంచీ తలలో అడుగు పెట్టలేదు. గోడ మీద దీపాల్ని చూసి, మళ్ళీ చూపు కిందికి దించేసింది.

పెద్దక్క మొదటినుంచి చెప్పింది. దేన్నీ వదల్లేదు. ఫోనూ, ఫ్రిజ్జూ, పెరుగు గిన్నే, నవ్వూ. సగంలో ఆగిన మాట. చెవి నేల వైపు వీపు పెట్టి కూర్చోవడం. చెరిపెయ్యడం. పెద్దసారు అడగడం, తను "వెళ్ళింది సార్" అనడం. చెప్తున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. స్పీకరు మాత్రం నిశ్శబ్దంగా ఉంది.

చెల్లెలు చీర కుచ్చిళ్ళ తడిని వేళ్ళతో ఒత్తుతూ వింది. అయిపోయాక కూడా ఒత్తుతూనే ఉంది.

"చాలాసేపు నవ్వుకున్నాం కదక్కా" అంది చివరికి.

"నీ తప్పేం లేదే. నువ్వు ఊరికే..."

"నా తప్పని ఎవరన్నారు?" గొంతు పెంచలేదు. "నేనడిగేది అది కాదు. ఆయన స్విచ్చి ఆపుకోలేదు. అంతేగా నువ్వంటున్నది?"

"ఆపుకోలేదు. ఆపేవాడు కాదు. నాకు తెలుసు."

"నాకు తెలీదు." చెల్లెలు మొదటిసారి తలెత్తింది. "నీకు తెలుసు, నాకు తెలీదు. నేను రోజూ దుకాణం నుంచి వస్తూ ఆ గోడ దగ్గర ఆగుతాను. ఏడవడానికనుకున్నావా? తిట్టడానికి. గోల భరించలేకపోయావా, నన్ను ఇన్నేళ్ళు భరించావు కదా, ఆ కాస్త గోల భరించలేకపోయావా అని. గోడకి మొహం ఆనించి, లోపలికి వినపడేట్టు తిట్టాను. నిన్న కూడా తిట్టాను."

పెద్దక్క బల్ల మీంచి చెయ్యి చాచి, సగంలోనే వెనక్కి తీసుకుంది.

"పెద్దసారుకి చెప్తావా?"

"పొద్దున్నే చెప్తాను. రాసిస్తాను. మరిది తప్పు కాదని అందరికీ..."

"మర్చిపోవుగా?"

ఆ మాట ఎత్తిపొడుపో, నిజంగా అడిగిందో తెలియలేదు. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. రాత్రి షిఫ్టు ఆయన. ఆఫీసులో అందరూ కబుర్లాయన అంటారు. వచ్చీ రాగానే వాన మీద, బస్సు మీద, బస్సులో తన కాలు తొక్కినావిడ మీద అందుకునే మనిషి ఇవాళ గుమ్మంలో తడి గొడుగుతో నిలబడిపోయాడు. ఎంతవరకు విన్నాడో అతని మొహంలో రాసుంది.

"నేను కూడా విన్నాను పెద్దక్కా" అన్నాడు మెల్లగా. "పొద్దున్న మీతోపాటు వస్తాను."

అలా ఆ మాట గది దాటింది. ఇక వెనక్కి తీసుకోవడమంటూ లేదు. పెద్దక్కకి ఒక్క క్షణం భుజాలు తేలికయ్యాయి. అయిపోయింది, మొత్తం చెప్పేశాను అనుకుంది.

స్పీకర్లో హోరు మళ్ళీ మొదలైంది.

ముందు కబుర్లాయన గోడ వైపు చూశాడు. "ఏడో దీపం..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. హోరులోంచి ఒక గొంతు వస్తోంది. దూరంగా, రాళ్ళ మధ్య నుంచి. ఎవరో ఎవరికో తీరిగ్గా కబురు చెప్తున్నట్టు.

చెల్లెలు స్టూలు మీద బిగుసుకుపోయింది. ఒకే గొంతు కోసం ఆమె చెవులు రిక్కించింది. కానీ అది మగ గొంతు కాదు.

"...చెప్పేశాను. నువ్వు చెప్పమన్నట్టే, మొత్తం..."

"అక్కా." చెల్లెలి పెదవులు కదిలాయి గానీ శబ్దం సరిగ్గా రాలేదు. "అది నీ గొంతు."

పెద్దక్క నోరు మూసుకునే ఉంది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఎప్పుడు రికార్డు చేశావే ఇది?"

"నేను చెయ్యలేదు."

"మర్చిపోయుంటావు. గుర్తుచేసుకో. నువ్వెప్పుడైనా కింద..."

"నేనెప్పుడూ కిందికి దిగలేదు."

కబుర్లాయన రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చి మీటల మీద చేతులు పెట్టాడు. దాచిన రికార్డేదైనా నడుస్తుంటే తెర మూలన ఒక చిన్న గుర్తు తిరుగుతుంది. అక్కడేం తిరగడం లేదు. అతను 'ఆపు' పంపాడు. మళ్ళీ పంపాడు.

"రికార్డు కాదు ఇది" అన్నాడు గుసగుసగా. "ఇప్పుడు... అక్కడ... వినపడుతున్నది."

గొంతు ఆగకుండా సాగుతోంది. భయం లేదు అందులో. అలిసిపోయినట్టుంది, దగ్గరివాళ్ళతో మాట్లాడుతున్నట్టుంది. పెద్దక్కకి తన గొంతు అంత శాంతంగా ఉండగలదని తెలీదు.

"...కబుర్లాయన కూడా వచ్చాడు. మీటలు నొక్కుతున్నాడు పాపం... చెల్లి ఏడవలేదు. నేననుకున్నాను ఏడుస్తుందని. స్టూలు తోసేసి లేచింది. తలుపు దాకా వెళ్ళిపోయింది..."

చెల్లెలు కదల్లేదు. ఆమె స్టూలు మీదే ఉంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను లేవను" అంది చెల్లెలు. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకుంది. "అక్కా, ఆపించు దాన్ని. నేను లేవను."

హోరులో గొంతు కాస్త ఆగింది. అవతలివాళ్ళు ఏదో అడిగితే వింటున్నట్టు. తర్వాత నవ్వింది. చిన్న నవ్వు. మరిది పోయిన రోజు ఫోన్లో నవ్విన నవ్వు.

చెల్లెలు స్టూలు తోసేసి లేచింది. అది గచ్చు మీద పడి దొర్లింది. వెనక్కి చూడకుండా తలుపు దాకా వెళ్ళిపోయింది. అక్కడ గడప మీద ఆగింది. బయట వాన, చీకటి. వెళ్ళిపోతుందో, ఆగుతుందో... ఆ వీపు చూస్తే తెలియడం లేదు. పెద్దక్క పిలవబోయింది. ఏ మొహంతో పిలవాలో తెలియలేదు. నువ్వు క్షమించక్కర్లేదు, ఒక్కసారి ఇటు తిరుగు చాలు అనుకుంది.

"...అక్కడ నిలబడింది" అంటోంది గొంతు. "పోతుందనుకున్నాను. పోలేదు. పోదని నువ్వన్నావు కదా... వచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది."

దీపాలు ఒక్కసారి కునికి, మళ్ళీ వెలిగాయి.

బల్ల కింద, ఒళ్ళో ఉన్న పెద్దక్క చేతిని ఒక చెయ్యి పట్టుకుంది. మెల్లగా, వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టి. చల్లగా ఉంది. తడిగా ఉంది. గరుకుగా, సన్నటి రాతి పొడి ఆమె చర్మంలోకి గుచ్చుకుంటోంది.

ఎదురుగా కబుర్లాయన రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి.

పెద్దక్క కిందికి చూడలేదు. తలుపు వైపే చూస్తోంది. అక్కడ చెల్లెలు, వీపు ఇటే ఉంచి, రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుని నిలబడే ఉంది.